అర్జీ ఏడుకొండలు

పామర్రు నుంచి వచ్చే, పెట్రోలు దొరక్క బొగ్గు మీద నడిపే బస్సు ఆ రోజు దారిలో మూడుచోట్ల ఆగిపోయింది. ఆగిన ప్రతిసారీ మగవాళ్ళు దిగి తోశారు. అందుచేత మార్కండేయులు బెజవాడ వన్ టౌనులో అక్క ఇంటి గుమ్మం ఎక్కేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మొహమంతా మసి. చేతిలో సంచి కూడా లేదు.

అక్క వెంకటరావమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చి అన్నం పెట్టింది. తమ్ముడు తలెత్తకుండా తింటున్న తీరు చూసి, తనకోసం ఉంచుకున్న ముద్ద కూడా తెచ్చి వడ్డించింది. అతను వద్దనలేదు.

అది నలభై నాలుగో సంవత్సరం వేసవి. యుద్ధం ఎక్కడో జరుగుతోంది కానీ బెజవాడలో బియ్యానికీ, కిరసనాయిలుకీ, గుడ్డకీ కంట్రోలు వచ్చింది. నేతగాళ్ళు కొనుక్కునే నూలుకి కూడా వచ్చింది. కంట్రోలు రేటుకి నూలు ఎక్కడా దొరకదు. దొరికేచోట అడిగే ధర విని నేతగాడు వెనక్కి తిరిగి రావలసిందే.

వెంకటరావమ్మ భర్త ఏడుకొండలు నూలు షాపులోనే గుమాస్తా. మెయిన్ బజారులో బసవపున్నయ్యగారి షాపంటే చుట్టుపక్కల నేతపల్లెలన్నిటికీ తెలుసు. పదహారేళ్ళ వయసులో మగ్గం వదిలిపెట్టి వచ్చిన ఏడుకొండల్ని బసవపున్నయ్య చేరదీశాడు. పని నేర్పాడు. పెళ్ళి కూడా తనే పెద్దగా నిలబడి చేయించాడు. పద్దెనిమిదేళ్ళుగా ఏడుకొండలు పొద్దున్నే వెళ్ళి ఆ షాపు తలుపులు తీస్తున్నాడు.

సాయంత్రం బావ ఇంటికి రాగానే మార్కండేయులు లేచి నిలబడ్డాడు.

"బావా, ఒక్క నూలు బండిలు ఇప్పించు. నలభయ్యో నంబరు. రెండు మగ్గాలూ నాలుగు నెలల నుంచీ ఊరికే పడున్నాయి. ఒక్కటన్నా ఆడితే మేం గంజన్నా తాగుతాం."

ఏడుకొండలు కండువా తీసి వంకెకి తగిలిస్తూ, "మా షాపులో నూలు లేదు మార్కండేయులూ. ఉంటే నీకు లేదంటానా?" అన్నాడు. అతని మొహంలోకి చూడలేదు.

మార్కండేయులు మర్నాటి బస్సుకి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా వెంకటరావమ్మ భర్తతో మాట్లాడలేదు. సాయంత్రం అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఏవండీ, నిజంగా లేదా?"

ఏడుకొండలు కలుపుతున్న చెయ్యి ఆపాడు. "ఉంది. పద్నాలుగు బేళ్ళు. భవానీపురం అవతల అయ్యగారి బావమరిది రైసు మిల్లు లేదూ, దాని వెనక ఊక కుప్ప కింద పెట్టాం. బండివాళ్ళకి తవుడని చెప్పాం. నేనే దగ్గరుండి దింపించా. ధర పెరిగాక తీస్తారు. అందులోంచి ఒక్క చిలప నూలు కూడా నేను తీయగలిగింది కాదు." వీధి తలుపు వైపు చూసి, "ఈ మాట గోడక్కూడా వినపడకూడదే" అన్నాడు.

ఆ అన్నం అతనికి సయించలేదు.

శ్రావణమాసంలో వెంకటరావమ్మ పుట్టింటికి వెళ్ళింది. పామర్రులో బస్సు దిగి, కాలవ గట్టు మీద రెండు మైళ్ళు నడిచింది. నేతవాళ్ళ వీధిలో అడుగు పెట్టేసరికి ఆమెకి ఏదో తేడాగా అనిపించింది. ఎక్కడా చప్పుడు లేదు. చిన్నప్పుడు ఆ వీధిలో మగ్గాల చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడక అరుచుకుంటూ ఉండేవాళ్ళు. ఇప్పుడు ఒక ఇంట్లో పసిపిల్ల ఏడుస్తుంటే వీధి చివరికి వినపడుతోంది.

తమ్ముడి ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. "ఆదెమ్మా!" అని పిలుస్తూ తోయబోయింది.

"వదినా, లోపలికి రావద్దు. అక్కడే ఉండు" అంది మరదలు లోపలినుంచి కంగారుగా.

"ఏమైందే? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. చీర ఉతికి దొడ్లో ఆరేశాను. అది ఆరితే వస్తాను. ఆయన పొలం పనికి పోయాడు."

తలుపు సందులోంచి ఒక మోకాలూ, దాని మీద చుట్టుకున్న గోనెపట్టా అంచూ కనపడ్డాయి. వెంకటరావమ్మ దొడ్డివైపు వెళ్ళి చూసింది. దండెం మీద ఆరేసిన చీరలోంచి అవతలి గోడ కనపడుతోంది. వందల చీరలు నేసిన ఇల్లది. ఆ ఊళ్ళో పెళ్ళికూతుళ్ళు ఆ ఇంటి చీరే కట్టుకునేవాళ్ళు. కిటికీలోంచి మగ్గం గుంట కనపడింది. అందులో కోడిపెట్ట పిల్లలతో పడుకుని ఉంది.

సంచిలోంచి తన రెండో చీర తీసి తలుపు సందులోంచి లోపలికి అందించింది. లోపలినుంచి ఒక సన్నటి చెయ్యి వచ్చి దాన్ని తీసుకుంది. కాసేపటికి ఆ చీర కట్టుకుని ఆదెమ్మ బయటికి వచ్చింది. వచ్చి, వదిన భుజం మీద తల పెట్టుకుంది.

తిరిగి వస్తున్నప్పుడు బస్సులో వెంకటరావమ్మకి ఊక కుప్ప తప్ప వేరే ఆలోచన లేదు. బెజవాడ చేరిన మర్నాడు, భర్త షాపుకి వెళ్ళాక, ఆమె ఒక కాగితం తీసుకుని కూర్చుంది. నాలుగో క్లాసు దాకా చదువుకున్న మనిషి. రాయడం అలవాటు తప్పి అక్షరాలు వంకరపోయాయి. 'దొరగారికి, భవానీపురం దాటాక రైసు మిల్లు వెనక ఊక కింద పద్నాలుగు బేళ్ళ నూలు దాచారు. అది తీయించి నేతగాళ్ళకి పంచండి. వాళ్ళ ఆడవాళ్ళకి కట్టుకోను గుడ్డ లేదు.' ఇంతే రాసింది. సంతకం చెయ్యలేదు. నూలు ఆఫీసరు పేరిట కవరు మీద రాసి, కూరగాయలకి వెళ్తూ పోస్టు డబ్బాలో వేసింది. నూలు వాళ్ళ వీధిలోకి వస్తుందనీ, ఎవరికీ ఏమీ కాదనీ అనుకుంది.

తొమ్మిదో రోజున జీపు వెళ్ళి మిల్లు దగ్గర ఆగింది. ఊక తవ్వించారు. పద్నాలుగూ దొరికాయి. బసవపున్నయ్యని స్టేషనుకి పిలిపించి, సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టి, జామీను మీద పంపారు. అరవయ్యేళ్ళ పెద్దమనిషి. ఆయన షాపు ముందు చెప్పులు వదిలి లోపలికి వెళ్ళే బజారది. ఆయన జీపు దిగి తలవంచుకుని నడుస్తుంటే బజారంతా నిలబడి చూసింది.

ఆ సాయంత్రమే కాఫీ హోటల్లో ఆఫీసు బంట్రోతు చెప్పాడు. "ఎవరో అర్జీ పెట్టారండీ. బేళ్ళు పద్నాలుగని కూడా రాశారు."

పద్నాలుగని తెలిసినవాళ్ళు ముగ్గురు. బసవపున్నయ్య, ఆయన బావమరిది, ఏడుకొండలు. దీపాలు పెట్టే వేళకి ఊరు తీర్పు చెప్పేసింది.

ఏడుకొండలు మర్నాడు ఎప్పటిలా తాళాలతో వెళ్ళాడు. అప్పటికే షాపు తెరిచి ఉంది. బసవపున్నయ్య పరుపు మీద కూర్చుని ఉన్నాడు. కేక వెయ్యలేదు. చెయ్యి చాపాడు.

"తాళాలిలా ఇవ్వు."

"అయ్యగారూ, నాకేం తెలీదండీ. మీ ఉప్పు తిన్నవాణ్ణి."

"అదే అనుకున్నాను ఇన్నాళ్ళూ" అన్నాడు బసవపున్నయ్య. "నీకేం తక్కువ చేశానురా? ఏదన్నా కావాలంటే నన్నడగొచ్చుగా? వెళ్ళు. మళ్ళీ ఈ మెట్లెక్కకు."

ఏడుకొండలు తాళాలు పరుపు మీద పెట్టి దిగాడు. ఆ సంగతి అతని కంటే ముందే ఇల్లు చేరింది.

పల్లెటూళ్ళో మనిషి మీద కోపం వస్తే మొహం మీద తిడతారు. పెద్ద పట్నంలో అయితే ఎవరికీ పట్టదు. అప్పటి బెజవాడ ఈ రెండూ కాదు. తిట్టడానికి మొహమాటపడేంత పట్నం, మరిచిపోవడానికి వీల్లేనంత చిన్న ఊరు. ఏడుకొండలు మంగలి దగ్గరికి వెళ్తే, కత్తి నూరుతూనే "ఇవాళ కుదరదండీ" అన్నాడు. కాఫీ హోటల్లో కూర్చుంటే సర్వరు పక్క బల్లలన్నీ తుడిచి, ఈ బల్ల దగ్గరికి రాలేదు. ఎదురొచ్చేవాళ్ళు అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు అవతలి పక్కకి దాటేవాళ్ళు. ఎవరో 'అర్జీ ఏడుకొండలు' అన్నారు. ఆ పేరు అతికింది. పది రోజుల్లో వీధి పిల్లలు కూడా, ఎందుకో తెలియకుండానే, ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టారు.

నూలు షాపుల్లో, గుడ్డల షాపుల్లో పని అడగడం అయింది. కాలవ దాటి గవర్నరుపేటకి వెళ్ళాడు. ఒక మందుల షాపాయన కష్టపడే మనిషిలా ఉన్నాడని పొద్దున్న పనిలో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళి వచ్చిన ఆ షాపాయన గుమ్మంలోనే నిలబడి, "ఏమనుకోకండి" అన్నాడు. సత్యనారాయణపురంలో అయితే గుమ్మంలోంచే పంపేశారు.

ఇల్లు అద్దెకిచ్చిన సుబ్బరత్నం భర్త కూడా బజారులో పనిచేసేవాడే. "నెలాఖరుకి ఖాళీ చెయ్యండమ్మా. నా చేతుల్లో ఏముంది?" అంది ఆవిడ. పంపు దగ్గర వెంకటరావమ్మ బిందె పెడితే తక్కిన బిందెలు నాలుగడుగులు జరిగేవి.

ఏడుకొండలు ఇంట్లో కూర్చుని ఒక్కటే ఆలోచించేవాడు. ఎవరు చెప్పారు? బండివాళ్ళా? వాళ్ళకి తెలీదు. అయ్యగారి బావమరిదా? ఆయన ఎందుకు చెపుతాడు? భార్యకి చెప్పిన సంగతి అతనికి తట్టనేలేదు. భార్యకి చెప్పడం కూడా ఒకరికి చెప్పడమేనని ఆ రోజుల్లో మగవాళ్ళు అనుకునేవాళ్ళు కాదు.

వెంకటరావమ్మ రోజూ పొద్దున ఇవాళ చెప్పేయాలనుకునేది. అతను చెప్పులీడ్చుకుంటూ ఇల్లు చేరినప్పుడు ఆ మొహం చూసి నోరు పెగిలేది కాదు. తమ్ముడికి కార్డు రాసింది, నూలు ఏమన్నా వచ్చిందా అని. ఒక్క చిలప కూడా రాలేదని జవాబు వచ్చింది. పట్టుకున్న బేళ్ళు గోడౌనుకి వెళ్ళాయి. అక్కడినుంచి ఎవరెవరి పర్మిట్ల మీదో మళ్ళీ బెజవాడ బజారులోకే వచ్చాయి. ఏడుకొండలే ఒక రోజు, పట్టుకున్న బేళ్ళలోదే ఒకటి, అదే నూలు మిల్లు గుర్తుతో, ఇంకో షాపు ముందు దింపుతుంటే చూసి వచ్చి చెప్పాడు. ఆమె పొయ్యి ముందు అలాగే కూర్చుండిపోయింది. పొయ్యి ఆరిపోయింది.

ఒక శుక్రవారం పొద్దున ఏడుకొండలు కృష్ణలో మునిగి, తడిబట్టతో బజారుకి వెళ్ళాడు. షాపులన్నీ అప్పుడే తెరుస్తున్నారు. బసవపున్నయ్య షాపు మెట్ల ముందు, వీధిలో నిలబడి, కుడి అరచేతిలో కర్పూరం బిళ్ళలు పెట్టుకుని వెలిగించుకున్నాడు.

"కొండ మీది అమ్మవారి సాక్షిగా చెపుతున్నానండీ" అని గట్టిగా అన్నాడు. "బేళ్ళ సంగతి నా నోట బయటికి రాలేదు."

జనం మూగారు. కర్పూరం పూర్తిగా కాలేదాకా చెయ్యి దించలేదు. మొహం మీద నీళ్ళో చెమటో కారుతోంది. మంట ఆరాక చూస్తే అరచెయ్యంతా బొబ్బలెక్కింది. బసవపున్నయ్య చూడలేక లోపలికి వెళ్ళిపోయాడు. ఏడుకొండలు ఆయన తిరిగి వస్తాడేమోనని చాలాసేపు నిలబడ్డాడు.

"చెయ్యి కాలింది చూశావా?" అన్నాడు గుంపులో ఒకడు. "నిజమే అయితే అమ్మవారు కాలనిస్తుందా?"

మరొకడు నవ్వాడు. షాపుల్లో బేరాలు మొదలయ్యాయి.

ఇంటికి వచ్చిన భర్త చెయ్యి చూసి వెంకటరావమ్మ గబగబా సున్నపు తేటా కొబ్బరినూనే కలిపి తెచ్చింది. పక్కన కూర్చుని దూదితో అద్దుతోంది. అతను ఏం చేసి వచ్చిందీ, ఏమని ప్రమాణం చేసిందీ చెప్పాడు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"నేనండీ" అంది.

"ఏం నువ్వు?"

"అర్జీ నేనే రాశాను."

అతనికి అర్థం కాలేదు. ఆమె మళ్ళీ చెప్పింది. ఆదెమ్మ గోనెపట్టా సంగతి, కాగితం సంగతి, పోస్టు డబ్బా సంగతి, అంతా చెప్పింది. అతను కొడతాడనుకుంది. కొడితే బాగుండుననుకుంది.

"నీకెట్లా తెలుసు, ఊక కింద ఉన్నాయని?" అన్నాడు చివరికి.

"మీరే చెప్పారుగా."

ఏడుకొండలు తన అరచెయ్యి చూసుకున్నాడు.

"నా నోట బయటికి రాలేదని ప్రమాణం చేశానే" అన్నాడు. "అబద్ధపు ప్రమాణం చేశానన్నమాట."

"మీకు తెలీక చేశారండీ."

"అమ్మవారికి తెలుసుగా."

ఆ మాట తరవాత అతను ఆమెతో మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే కదల్లేదు. అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, కళ్ళు తెరిచే ఉన్నాడు.

తెల్లవారాక వెంకటరావమ్మ తల దువ్వుకుని, ఉన్న ఒక్క చీరా సర్దుకుని, మెయిన్ బజారుకి నడిచింది. ఆడవాళ్ళు ఆ షాపు మెట్లెక్కడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. ఆమె ఎక్కింది. లోపల నలుగురు వర్తకులున్నారు.

"బాబుగారూ, ఆయన తప్పేం లేదండీ. అర్జీ రాసింది నేను."

బసవపున్నయ్య తలెత్తాడు. "ఏమ్మా, వాడు పంపించాడా?"

"లేదండీ. నేను వచ్చినట్టు కూడా ఆయనకి తెలీదు. మా తమ్ముడి పెళ్ళానికి కట్టుకోను గుడ్డ లేదండీ. చూసి తట్టుకోలేక రాశాను. కాగితం ఇప్పించండి. మళ్ళీ రాసి చూపిస్తాను. ఆఫీసులో ఉన్న కాగితంతో పోల్చుకోండి."

వర్తకుల్లో ఒకాయన పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. పక్కాయన తల అడ్డంగా ఊపి, "పాపం" అన్నాడు.

"బాబుగారూ, నిజమండీ! ఒట్టేసి చెపుతున్నా!"

"నిన్న మీ ఆయన వేశాడమ్మా ఒట్టు" అన్నాడు బసవపున్నయ్య. అంతలోనే ఆయన కళ్ళు తడి అయ్యాయి. రెండు చేతులూ జోడించాడు. "నీ పెళ్ళి నేను చేశాను. నువ్వెలాంటి పిల్లవో నాకు తెలుసు. మొగుడి నెత్తి మీది పాపం నీ నెత్తిన వేసుకోవాలని వచ్చావు. నీ మొహం చూసైనా వాడికి బుద్ధి ఉండాల్సింది. ఇంటికి పో తల్లీ."

ఆమె అక్కడే నిలబడి ఇంకా ఏదో చెప్పబోయింది. మాటకి ముందు ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతో వాళ్ళ నమ్మకం గట్టిపడింది. ఒక గుమాస్తా వచ్చి, ఎంతో మర్యాదగా, ఆమెని మెట్ల దాకా దిగబెట్టాడు.

సాయంత్రం వెంకటరావమ్మ పంపు దగ్గరికి వెళ్తే బిందెలు పక్కకి జరిగాయి, ఈసారి ఆమెకి దారివ్వడానికి. "ముందు నువ్వు పట్టుకో వెంకటరావమ్మా" అంది ఒకావిడ. ఇంకొకావిడ బిందె ఎత్తి నడుం మీద పెట్టింది. "నీలాంటి ఇల్లాలు ఎక్కడుంటుందే? ఆ మనిషి నీకు తగడు" అంటూ కళ్ళొత్తుకుంది.

"నిజంగా నేనే రాశానండీ" అంది వెంకటరావమ్మ.

"ఊరుకో, ఊరుకో" అన్నారు అందరూ.

సుబ్బరత్నం గుమ్మం దగ్గర ఆపింది. "నిన్ను చూస్తే కడుపు తరుక్కుపోతుందమ్మా. నువ్వొక్కదానివీ అయితే ఉండిపో. నేను మా ఆయనకి చెపుతాను. ఆ మనిషినే..." అని ఆగింది.

పెళ్ళాం చాటున దాక్కున్నాడని ఏడుకొండలు మీద ఊళ్ళో ఇంకో మాట పుట్టింది.

నెలాఖరుకి రెండు రోజుల ముందు, ఏడుకొండలు పొద్దున్నే బయలుదేరి రైల్వే స్టేషనుకి వెళ్ళాడు. ఎక్కడికి వెళ్ళాలో అనుకోలేదు. ఏ బండి వస్తే ఆ బండి ఎక్కుదామనుకున్నాడు. ఒక బండి వచ్చింది, వెళ్ళింది. ఇంకొకటి వచ్చింది. సోల్జర్ల బండి. అదీ వెళ్ళింది. పట్టాల అంచుకి వెళ్ళి నిలబడ్డాడు. ఎక్కడానికా, ఇంకెందుకా అన్నది అతనికే సరిగ్గా తెలియదు.

"ఎవరండీ మీరు? ఏ ఊరు మనది?"

వెనక్కి తిరిగాడు. నీలం చొక్కా, మెడలో సిలువ, చేతిలో చుట్టిన పచ్చజెండా. లోకో షెడ్డులో మేస్త్రీ ఏసుపాదం. రెండు నెలల్లో ఏడుకొండల్ని ఎవరని అడిగిన మనిషి ఇతనొక్కడే.

"పని కావాలి" అన్నాడు.

ఏసుపాదం అతన్ని కిందినుంచి పైకి చూశాడు. "మీరు చేసే పని కాదు. ఇంజిన్లలో బూడిద తోడి పొయ్యాలి. చెయ్యి ఏమైంది?"

"కాలింది."

"మానాక రండి" అని కొంచెం దూరం వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, "ఎడం చేత్తో తట్ట పట్టుకోగలరా?" అన్నాడు.

అలా ఏడుకొండలు లోకో షెడ్డులో కుదిరాడు. గుణదలలో ఏసుపాదం ఇంటి పక్క తాటాకుల పాక ఒకటి ఖాళీగా ఉంటే అందులోకి మారారు. వెంకటరావమ్మ సుబ్బరత్నం మాట కాదని భర్త వెంట వచ్చింది. అతను రమ్మనలేదు, వద్దనలేదు. ఆ పాకలో వాళ్ళిద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచేవి. నీళ్ళు. కిరసనాయిలు అయిపోయింది. తలుపు వెయ్యి.

నెల తిరక్కముందే షెడ్డులోకి కొత్తగా వచ్చిన కూలీ ఒకడు, "ఏమయ్యా అర్జీ, ఆ తట్ట ఇటివ్వు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఏడుకొండలు తట్ట కింద పెట్టి, కండువా దులుపుకుని, గేటువైపు నడిచాడు.

"ఎక్కడికండీ?" అన్నాడు ఏసుపాదం.

"తెలిసిపోయిందిగా మీకు."

"నాకు మొదటి రోజే తెలుసు" అన్నాడు ఏసుపాదం. "బెజవాడ ఎంతని? మా వాళ్ళు చెప్పారు."

"మరి ఎవరని ఎందుకడిగారు?"

"మీరు పట్టాలకి మరీ దగ్గరగా నిలబడ్డారు. ఏదో ఒకటి అడగాలిగా?" అని తట్ట చూపించాడు. "బండి వచ్చే వేళయింది. కానివ్వండి."

ఏడుకొండలు వచ్చి తట్ట ఎత్తాడు. వేరే దారి లేదు.

ఆ చలికాలంలో మార్కండేయులు రెండు మగ్గాల కర్రలూ వంటచెరకు కింద అమ్మేసి, అస్సాం రోడ్డు పనులకి కూలీల్ని తీసుకుపోయేవాళ్ళతో వెళ్ళిపోయాడు. ఆదెమ్మ పుట్టింటికి చేరింది. ఆ కబురు కార్డు మీద వచ్చింది. వెంకటరావమ్మ చదివి, మడిచి, భర్త కనపడేచోట పెట్టింది. అతను చదివి మళ్ళీ అక్కడే పెట్టాడు. ఆ రోజు ఆమె మేరీమాత కొండ దిగువన ఒక్కతే కూర్చుని చీకటి పడేదాకా ఏడ్చింది. దారినపోయేవాళ్ళు మొక్కుకోవడానికి వచ్చిన మనిషనుకున్నారు.

యుద్ధం అయిపోయింది. నూలు కంట్రోలు పోలేదు. ఏడుకొండలు షెడ్డు నుంచి ఇంటికి ఊళ్ళోంచి కాక పట్టాల వెంటే నడిచేవాడు. వన్ టౌనులో అడుగుపెట్టి ఏడాది దాటింది. అరచెయ్యి మానింది కానీ వేళ్ళు పూర్తిగా చాచుకునేవి కావు.

ఒక సాయంత్రం ప్లాట్‌ఫారం మీద బూడిద తట్ట పక్కన పెట్టి నీళ్ళు తాగుతుంటే, ఎదురుగా బసవపున్నయ్య వచ్చాడు. కూడా పెట్టె మోసే కూలీ. మనిషి వంగిపోయాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఏడుకొండలు లేచి నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ళ అలవాటు. చేతులు వాటంతటవే జోడించబోయాయి.

బసవపున్నయ్య అతని ముందే ఆగాడు. మసి పట్టిన మొహంలోకి తిన్నగా చూశాడు.

"ఏమయ్యా, మద్రాసు మెయిలు ఈ ప్లాట్‌ఫారానికేనా వచ్చేది?"

ఏడుకొండలు నోరు తెరిచాడు. అవతలి ప్లాట్‌ఫారం వైపు చెయ్యి చూపించాడు.

"మంచిది బాబూ" అని బసవపున్నయ్య కర్ర ఊనుకుంటూ వంతెన మెట్లవైపు వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి ఏడుకొండలు కాళ్ళు కడుక్కోలేదు. గుమ్మంలోనే కూర్చున్నాడు. వెంకటరావమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

"అయ్యగారు కనపడ్డారు" అన్నాడు.

ఏడాది తరవాత అతను తనంతట తానుగా చెప్పిన మాట అది. ఆమె చెంబు వదలకుండా అక్కడే కూర్చుండిపోయింది.

"ఏమన్నారు?"

"మద్రాసు మెయిలు ఎక్కడికొస్తుందని అడిగారు. నన్ను పోల్చుకోలేదు."

"మీరు చెప్పొద్దా, నేను ఏడుకొండల్నని?"

"చెప్పి?"

అవతల గూడ్సు బండి ఒకటి బరువుగా, ఎంతకీ తెమలకుండా పోతోంది. ఏడుకొండలు దాన్ని చూస్తూ, ఉన్నట్టుండి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టాడు. వెంకటరావమ్మ దగ్గరికి జరిగింది. అతను ఆమెని తోసెయ్యలేదు. ఊళ్ళో ఎవరితో చెప్పినా నమ్మని సంగతి తెలిసినవాళ్ళు వాళ్ళిద్దరే. బండి పోయాక ఆమె లేచి, చీకట్లో తడుముకుంటూ, పొయ్యి వెలిగించింది.